ఆగిన చేతులు

మంత్రి మాట్లాడుతున్నంతసేపూ ముందు వరసల్లో కూర్చున్నవాళ్ళు ఒక్కరూ ఆయన వంక చూడలేదు. పాపం, ఆయనకది కొత్త. మైకు పట్టుకున్నాడంటే నాలుగు దిక్కుల చూపులూ తన మీదే ఉండాలి, అలా అలవాటైన ప్రాణం. ఇక్కడేమో అందరి కళ్ళూ ఆయనకు రెండడుగుల అవతల, ముదురు రంగు బట్టల్లో నిలబడ్డ ఆడమనిషి మీద ఉన్నాయి. అది బధిరుల పాఠశాల హాలు. ముందు వరసలన్నీ వినపడనివాళ్ళవి. ఆయన నోటితో అంటున్నదాన్ని ఆమె చేతులతో అంటోంది.

ఆమెను అందరూ దుబాసి అనే పిలుస్తారు. ఇంకాస్త చనువున్నవాళ్ళు దుబాసమ్మ అంటారు. పనిలోకి దిగితే వేళ్ళకి ఉంగరం ఉండదు, చేతికి గడియారం ఉండదు, జుట్టు ముఖం మీదికి జారకుండా బిగించి కట్టేస్తుంది. చూసేవాళ్ళ కళ్ళు చేతుల మీదా ముఖం మీదా తప్ప ఇంకెక్కడా తచ్చాడకూడదని. ఆ పనికి రెండు నియమాలున్నాయి. మాట్లాడేవాడు 'నేను' అంటే దుబాసి కూడా తన గుండె మీదే వేలుపెట్టి 'నేను' అనాలి. 'ఆయనిలా అంటున్నారు' అంటూ పక్కకి తప్పుకోకూడదు. రెండోది, అర్థం కాకపోతే ఆగి అడగాలి. ఊహించి చేతులు తిప్పకూడదు.

"ఈ బడిలో పిల్లలు నా పిల్లలు," అన్నాడు మంత్రి. "ఈ బడిని మూసేస్తారని ఎవరెవరో ఏవేవో పుకార్లు పుట్టిస్తున్నారు. నేను చెప్తున్నా వినండి. నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ బడి తలుపులు మూయనివ్వను!"

దుబాసి వేలు గుండెకి తగిలింది. ఎడమ అరచెయ్యి తలుపు రెక్కలా మెల్లగా మూసుకోబోయింది. కుడి అరచెయ్యి వచ్చి దానికి అడ్డంగా నిలబడింది. కనుబొమలు ముడిపడ్డాయి, దవడ బిగిసింది. ఆ భాషలో ముఖం కూడా మాటలో భాగమే. ముఖం ఊరికే పెట్టుకుని చేతులు కదిపితే సగం మాట మింగేసినట్టే. ఆమె ఏనాడూ అలా మింగలేదు. పైగా ఇవాళ ఆమెకే ఒళ్ళు జలదరించింది. అబద్ధమెందుకు, నమ్మింది.

ముందు వరసలన్నీ చేతులు పైకెత్తి, వేళ్ళు ఆడిస్తూ ఊపాయి.

"ఇదేంటయ్యా, అందరూ చేతులెత్తేస్తున్నారు?" అన్నాడు మంత్రి మైకుకి చెయ్యి అడ్డంపెట్టి.

"చప్పట్లు సార్ అవి," అన్నాడు వెనకనున్న ప్రచార మేనేజరు. మంత్రి నోరు తెరవబోయే ముందల్లా ఒక చిన్న చీటీ అందించడం ఆయన పని. అందుకే పార్టీ ఆఫీసులో వాచ్‌మన్ దగ్గర్నుంచి అందరూ చాటుగా 'చీటీల సారు' అంటారు.

మంత్రి ముఖం వెలిగిపోయింది. ఆ ఊపులో కొత్త గదుల గురించి గబగబా ఏదో అనేశాడు. దుబాసి చేతులు ఆపి, ఆయన వైపు కాస్త తిరిగి, "సార్, కట్టేది తరగతి గదులా, హాస్టలు గదులా? సరిగా అర్థం కాలేదు," అంది.

"తరగతి గదులమ్మా, తరగతి గదులు!"

చేతులు మళ్ళీ కదిలాయి. చీటీల సారు మాత్రం చిరాగ్గా చూశాడు. సభ నడుస్తుంటే మధ్యలో ఈ ప్రశ్నలేమిటని.

మొదటి వరసలో, నడవ పక్కగా దుబాసి వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. వడ్రంగి. పుట్టినప్పట్నుంచీ చెవులు పనిచేయవు. ఆ బడిలోనే చదువుకుని, ఇప్పుడు అక్కడే పెద్ద తరగతుల పిల్లలకు చెక్కపని నేర్పుతున్నాడు. హాల్లో జనం కూర్చున్న బల్లల్లో సగం ఆయనా ఆయన పిల్లలూ కలిసి చేసినవే. కూతురు తన వైపు చూసినప్పుడు ఒడిలోంచే చెయ్యి కాస్త పైకి తీసి, ఇంకెవరికీ కనపడకుండా "బాగా చెప్పావు తల్లీ" అన్నాడు.

*

మర్నాడు పార్టీ ఆఫీసులో పత్రికలవాళ్ళ సమావేశం. ఇక్కడ ఓటర్లెవరూ లేరు. బల్ల మీద మైకులు గుత్తులుగా ఉన్నాయి, ఎదురుగా కెమెరాలు, వెనక గోడకి మంత్రి నవ్వుతున్న పెద్ద బొమ్మ. ఎన్నికల ప్రత్యక్ష ప్రసారాలన్నిటికీ దుబాసి ఉండి తీరాలని ఈసారి నియమం పెట్టారు. అందుకని ఆమెకోసం ఒక మూల నేల మీద తెల్ల టేపు అంటించారు. దాని మీద నిలబడితే టీవీలో కిందివైపు ఒక చిన్న గుండ్రంలో కనపడుతుంది.

ఒక విలేకరి లేచి, పిల్లలు తక్కువున్న బడుల మీద ప్రభుత్వం వృథాగా ఖర్చు చేస్తోందన్న విమర్శకి మీ జవాబేమిటని అడిగాడు.

చీటీ అందింది. మంత్రి దాని వంక ఓరకంట చూసి గొంతు సవరించుకున్నాడు.

"సూటిగా చెప్తానండి. నాకు డొంకతిరుగుడు చేతకాదు. ప్రజల సొమ్ముకి నేను కాపలాదారుణ్ణి. చిన్న బడులన్నిటినీ వచ్చే ఏడు పెద్ద బడుల్లో కలిపేస్తాం. బధిరుల బడి కూడా అందులో ఉంది. ఇలాంటి విషయాల్లో సెంటిమెంటు పనికిరాదు. నేను మెత్తబడను."

దుబాసి చేతులు ఒక్క రెప్పపాటు గాల్లో తడబడ్డాయి. ఆ వెంటనే కదిలాయి. ఏళ్ళ తరబడి చేసిన పని కదా, మనసు వెనకబడినా చేతులు ముందుకు పోతాయి. ఆయన గొంతు గట్టిగా ఉంది కాబట్టి ఆమె ముఖమూ గట్టిగానే ఉంది. వేలు మళ్ళీ గుండె మీదికి వెళ్ళింది. ఎడమ అరచెయ్యి తలుపు రెక్కలా వచ్చి ఈసారి పూర్తిగా మూసుకుంది. అడ్డంపడే చెయ్యి లేదు. ఛీ, ఇదేం పని, అనుకుంది. అనుకుంటూనే చివరి మాట దాకా చెప్పింది.

కెమెరాలు కట్టేశాక చీటీల సారు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నిన్న బడిలో మూయనివ్వనన్నారు కదా?"

"అన్నారు."

"ఇవాళ కలిపేస్తామన్నారు."

"అమ్మా, నువ్వు ఇంట్లో వేసుకున్న బట్టలతోనే ఆఫీసుకి వస్తావా? అక్కడి మాట అక్కడ, ఇక్కడి మాట ఇక్కడ. ఎన్నికలన్నాక ఇదంతా మామూలే." ఆయన మిగిలిన చీటీలను చింపి చెత్తబుట్టలో పడేస్తున్నాడు. "అయినా నీకెందుకు? నీ పని చేతులు తిప్పడం. తిప్పావు. చక్కగా తిప్పావు."

సాయంత్రం ఇంటికి నడిచివస్తుంటే వీధి మలుపులో కుట్టుమిషను ఆవిడ కొట్టులోంచి బయటికి ఉరికింది. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది అలాగే ఉన్నాయి. ఆవిడకీ వినపడదు, ఆవిడ కొడుక్కీ వినపడదు. కొడుకు ఆ బడిలోనే చదువుతున్నాడు.

సూది తీసి జాకెట్టుకి గుచ్చుకుని చేతులు ఝాడించింది. "నిన్న మూయనన్నావు. ఇవాళ మూసేస్తానన్నావు. ఈ చెయ్యి నమ్మాలా, ఈ చెయ్యి నమ్మాలా?" అంటూ దుబాసి రెండు చేతుల మీదా చెరో దెబ్బ వేసింది. గట్టి దెబ్బలే.

"అన్నది నేను కాదక్కా, మంత్రి."

"మంత్రి నాకు వినపడడు. నువ్వే కనపడతావు."

"నీకు తెలియదా, ఆయన 'నేను' అంటే నేనూ 'నేను' అనాలి..."

"తెలుసు. అన్నీ తెలుసు. నిన్న మా అబ్బాయికి చెప్పాను, భయం లేదురా, దుబాసమ్మ చెప్పిందని. ఇవాళ వాడు టీవీ చూసి నా ముఖం చూశాడు. వాడికేం చెప్పను?"

దారినపోయే ఇద్దరు మనుషులు ఆగి, ఈ ఆడవాళ్ళిద్దరూ గాల్లో ఏం తెగ్గొట్టుకుంటున్నారా అని వింతగా చూశారు. దుబాసి చేతులు కిందికి దించేసింది. ఆవిడ విసురుగా కొట్లోకి వెళ్ళిపోయింది. మిషను చప్పుడు వీధి చివరిదాకా వినపడింది.

ఇంట్లో నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉలి సాన పడుతున్నాడు. మూలన టీవీ ఇంకా నడుస్తోంది. ఆమె ఎదురుగా కూర్చుని బల్ల మీద రెండుసార్లు తట్టింది. ఆ తట్టు చెక్కలోంచి ఆయన చేతికి చేరుతుంది. ఆయన తలెత్తాడు. ఆమె చేతులు లేపింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఇంట్లో తలుపు వేసుకోవడమంటే అదే. ఆయన కళ్ళు మూసుకున్నాడంటే ఇంక ఎవరి మాటా లోపలికి పోదు. ఆమె చిన్నప్పుడు తప్పు చేసినప్పుడు కూడా ఆయనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఇలా మూసుకునేవాడు, అంతే. అది దెబ్బకన్నా ఎక్కువ మండేది. ఇప్పుడూ మండింది. ఏం చూసుకుని నా మీద ఈ కోపం, నా కూలి నేను చేసుకోకూడదా అని అరవాలనిపించింది. అరిచినా లాభం లేదు కదా. సరే, ఎంతసేపు మూసుకుంటావో నేనూ చూస్తానని కుర్చీ బల్లకి ఇంకా దగ్గరగా లాక్కుని కూర్చుంది. ఇద్దరికిద్దరూ మొండివాళ్ళే. ఆ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పాలా?

చివరికి ఆయనే తెరిచాడు. ఉలి పక్కన పెట్టి, నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"మాట వాడిదే. నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "కానీ వాడి ముఖం మేమెవ్వరం చూడలేదు. నీ ముఖం చూశాం. నిన్న ఎంత గట్టిగా చెప్పావో ఇవాళా అంత గట్టిగానే చెప్పావు. రెండు రోజులూ ఒకటే ముఖం. వాడి అబద్ధానికి నీ ముఖం ఇచ్చావు."

"అది నా పని నాన్నా. మధ్యలో నా సొంత మాట కలపకూడదు."

"కలపమన్నానా?"

"మరి మానెయ్యమంటావా? మానేస్తే ఇంకో అమ్మాయి వచ్చి నిలబడుతుంది."

"మానెయ్యమనీ అనలేదు." ఆయన మళ్ళీ ఉలి తీసుకున్నాడు, కానీ కళ్ళు మూసుకోలేదు. "నిన్న తరగతి గదులా, హాస్టలు గదులా అని అడిగావు చూడు. ఇవాళ ఎందుకు అడగలేదు?"

"ఇవాళ అర్థమైంది కదా."

"అర్థమైందా?" అన్నాడు నాన్న. "నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి అర్థమైందా నీకు? నాకైతే కాలేదు."

ఆయన మళ్ళీ ఉలి పదును చూసుకోసాగాడు. ఆమె లేచి టీవీ కట్టేసింది.

*

రెండు రోజులు పోయాక చీటీల సారు కబురు పెట్టాడు. ఆయన గదిలో ఫ్యాను తిరుగుతుంటే బల్ల మీది చీటీలు ఎగిరిపోకుండా ఒక్కోదాని మీదా ఒక్కో వస్తువు ఉంది. స్టేప్లరు, తాళాలు, టీ కప్పు, ఒక బూటు కూడా.

"కూర్చోమ్మా. టీ తాగుతావా? రేపు టౌన్‌హాల్లో ముఖాముఖి ఉంది, తెలుసుగా. ఓటర్లూ, విలేకరులూ అందరూ ఒకే హాల్లో. లైవు."

"తెలుసు సార్."

"వచ్చిన చిక్కల్లా అదే." ఆయన గొంతు తగ్గించాడు. "మీవాళ్ళు బాగా కోపంగా ఉన్నారట. వాళ్ళ ఓట్లు, వాళ్ళ ఇంట్లోవాళ్ళ ఓట్లు, అవి పోతే ఆ వార్డు పోయినట్టే. అలాగని బడులు కలపడం మానేస్తామంటే పేపర్లవాళ్ళు ఉతికి ఆరేస్తారు. వెన్నెముక లేని మంత్రి అంటారు. అందుకని నాకో ఆలోచన వచ్చింది."

దుబాసి కప్పు అందుకుంది గాని తాగలేదు.

"ఆయన నోటితో విలీనం అంటారు. నువ్వు చేతులతో బడి ఉంటుందని చెప్పెయ్. వినేవాళ్ళకి నీ సైగలు రావు. మీవాళ్ళకేమో ఆయన మాట వినపడదు." ఆయన రెండు చేతులూ చాపి, ఎంత తేలికో చూడమన్నట్టు నవ్వాడు. "ఎవరికి కావలసింది వాళ్ళకి ఇచ్చేశాం. హాయిగా ఇంటికి పోతారు. ఎవరికేం నష్టం, చెప్పు?"

ముప్ఫై ఏళ్ళ ఆ చేతుల్ని ఇంతవరకూ ఎవరూ దొంగ సామాను మోయమని అడగలేదు. చెంపల్లోకి వేడి ఎక్కింది. పైకి మాత్రం కప్పు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టింది.

"అంటే ఆయన ఒకటంటే నేను ఇంకోటి చెప్పాలి."

"అబ్బే, అలా ఎందుకంటావు? కాస్త సర్దాలి. అంతే." బూటు కింద నుంచి ఒక చీటీ లాగి చూసుకున్నాడు. "ఎన్నికలయ్యాక సచివాలయంలో దుబాసి పోస్టు ఒకటి వస్తోంది. పర్మినెంటు. నీ పేరే అనుకున్నాం. ఇలా ఎండలో వానలో సభలెంట తిరగక్కర్లేదు."

ఆ పోస్టు కోసం ఆమె ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో ఆయనకు తెలుసు. కాబట్టే ఆఖర్న చెప్పాడు. ఆమెకూ ఆశ లేకపోలేదు. నాన్న మోకాళ్ళు ఇంక ఎన్నాళ్ళు బల్లలు మోస్తాయి? ఒక్క నిమిషం ఆ గదీ, ఆ కుర్చీ, నెల తిరిగేసరికి జీతం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ వెనకే నాన్న మూసుకున్న కళ్ళు గుర్తొచ్చాయి.

"సార్, నాకు వచ్చింది ఒక్కటే," అంది లేచి నిలబడుతూ. "ఆయన చెప్పింది చెప్తాను. అర్థం కాకపోతే అడుగుతాను."

"అడుగమ్మా, అడుగు. ఎవరొద్దన్నారు?" చీటీల సారు పెద్దగా నవ్వాడు. ఒప్పేసుకుందనే అనుకున్నాడు. "తెలివైనదానివి."

*

టౌన్‌హాలు కిటకిటలాడిపోతోంది. ఎడమ పక్క విలేకరులు, వెనక మామూలు జనం, కుడి పక్క ముందు వరసల్లో వినపడనివాళ్ళు. అందరికన్నా ముందు వడ్రంగి నాన్న ఉతికిన చొక్కా వేసుకుని నిటారుగా కూర్చున్నాడు. ఆయన పక్కన కుట్టుమిషను ఆవిడ చేతులు కట్టుకుని, దుబాసి వంక చూస్తే పాపం తగులుతుందేమో అన్నట్టు పైకప్పు వంక చూస్తోంది.

రోడ్ల గురించి, నీళ్ళ గురించి, దీపాల గురించి అడిగినవాళ్ళు అడిగారు. మంత్రి అన్నిటికీ అవలీలగా జవాబులు చెప్పాడు. దుబాసి ఒక్క మాట వదలకుండా చేతులకెత్తింది. జోకు వేస్తే జోకు చెప్పింది, జనం నవ్వితే నవ్వుతున్నారని చెప్పింది. వేదిక కింద నుంచి చీటీల సారు తృప్తిగా తల ఊపుతున్నాడు.

అప్పుడు నాన్న చెయ్యెత్తాడు. మైకు పట్టుకుతిరిగే మనిషి ఆయన ముందు మైకు పెట్టి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాడు. నాన్న దాన్ని మర్యాదగా పక్కకి తోసి చేతులు కదిపాడు. ఇప్పుడు దుబాసి పని తిరగబడింది. ఆయన చేతులు చూస్తూ తన గొంతుతో చెప్పాలి.

"నేను వడ్రంగిని," అంది ఆమె మైకులో. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. "నేను బధిరుల బడిలో చదువుకున్నాను. ఇప్పుడు అక్కడే పిల్లలకి చెక్కపని నేర్పుతున్నాను. మొన్న మీరు మా బడికి వచ్చి తలుపులు మూయనివ్వనన్నారు. మర్నాడు టీవీలో కలిపేస్తామన్నారు. రెండూ నేను చూశాను. వచ్చే ఏడు మా బడి తెరిచి ఉంటుందా, ఉండదా?"

నవ్వు ఆగిపోయింది. విలేకరులు పెన్నులు సవరించుకున్నారు. మంత్రి చీటీల సారు వంక చూశాడు. ఏం పర్లేదు, కానివ్వండని ఆయన కళ్ళతోనే అభయమిచ్చాడు.

"చాలా మంచి ప్రశ్న," అన్నాడు మంత్రి. "ఆ బడి నా గుండెల్లో ఉంది. ఎప్పటికీ ఉంటుంది. విలీనమనేది ఈ పిల్లల్ని విశాల ప్రపంచంలోకి నడిపించే గొప్ప ముందడుగు. అందరి మనోభావాలనూ గౌరవిస్తూ, తగిన సమయంలో తగిన నిర్ణయం తీసుకుంటాం. మా చిత్తశుద్ధిని ఎవరూ శంకించక్కర్లేదు."

దుబాసి చేతులు లేచాయి. వేదిక కింద చీటీల సారు తన రెండు అరచేతులూ కలిపి, పుస్తకంలా తెరిచి చూపించాడు. తెరిచి ఉంటుందని చెప్పు, చెప్పు అని.

చేతులు ఛాతీ ఎత్తుకి వచ్చి అక్కడే ఆగిపోయాయి.

ముందు ఆమె ఎదురుగా ఉన్నవాళ్ళకి చెప్పింది: "ఆగండి. నాకు అర్థం కాలేదు. అడుగుతున్నాను." ఆ తరువాత మంత్రి వైపు తిరిగి, మైకు ఉందన్న సంగతి మర్చిపోకుండానే పైకి అంది.

"సార్, నాకు అర్థం కాలేదు. అర్థం కానిది చేతులతో చెప్పలేను. బడి తెరిచి ఉంటుందా?"

"చెప్పానుగా అమ్మా. విలీనం."

"విలీనమంటే పిల్లలు ఆ గదుల్లోనే, ఆ టీచర్ల దగ్గరే ఉంటారా సార్?"

"అవన్నీ వివరాలమ్మా. తరువాత చూసుకోవచ్చు. నువ్వు చెప్పెయ్."

"ఏమని చెప్పను సార్?"

గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. మొన్న తరగతి గదులా, హాస్టలు గదులా అని అడిగినప్పుడు ఎలా అడిగిందో అలాగే అడిగింది. చేతులు వేలికి వేలు ఆనించి, అలాగే ఛాతీ ముందు పట్టుకుని నిలబడింది.

చూడటానికి ఆ చేతుల్లో ఇంక ఏమీ లేదు. అప్పుడు జరిగింది అది. కుడి పక్క వరసల్లో ఉన్నవాళ్ళ చూపులు ఆమె మీద నుంచి ఒక్కొక్కటే జరిగి మంత్రి మీదికి వెళ్ళాయి. నాన్నవి ముందు వెళ్ళాయి. తరువాత కుట్టుమిషను ఆవిడవి. తరువాత అందరివీ. మాట వినపడనివాళ్ళు పుట్టినప్పట్నుంచీ మనుషుల ముఖాలు చదువుకుంటూ బతికినవాళ్ళు. ఇన్నాళ్ళూ ఆయన పక్కన చేతులు ఆడుతుంటే ఆయన ముఖం చదివే తీరిక వాళ్ళకి దొరకలేదు. ఇప్పుడు తీరిగ్గా చదివారు. గుటక మింగడం చూశారు. కళ్ళు చీటీల సారుని వెతుక్కోవడం చూశారు. ఒక చీటీ చేతులు మారి పైకి రావడం, ఆయన దాన్ని విప్పడం, అందులో పనికొచ్చేదేమీ లేదని పెదవి పక్కకి లాగడం, అన్నీ చూశారు. వాళ్ళు ఎటు చూస్తున్నారో గమనించిన కెమెరాలు కూడా అటే తిరిగాయి.

మంత్రి విలేకరుల వంక చూశాడు. వాళ్ళ ముందు మూయనంటే మెత్తబడినట్టు. ఇటు చూశాడు. ఇన్ని కళ్ళు. ఎటూ కాని మాట ఇంకోటి దొరుకుతుందేమోనని నోరు తెరిచి, మళ్ళీ మూశాడు. ఆమె చేతులు అక్కడే ఉన్నాయి. ఆయన ఏమంటే అది చెప్పడానికి సిద్ధంగా ఉన్నాయి. ఏదో ఒకటి అంటేనే గాని కదిలేలా లేవు.

"ఉండరు," అన్నాడు చివరికి, మైకుకి కాస్త దూరంగా జరిగి. "వేరే బడికి వెళ్తారు."

"ఆ బడి ఉండదు. అంతేనా సార్?"

"అంతే. ఉండదు."

"సరే సార్."

వేలు గుండె మీదికి వెళ్ళింది. ఎడమ అరచెయ్యి తలుపు రెక్కలా వచ్చి మూసుకుంది. ఈసారి ముఖం గట్టిగా పెట్టలేదు. ఆయన ముఖం ఎలా ఉందో సరిగ్గా అలాగే పెట్టింది. చూపు కిందికి, పెదవి పక్కకి. ఆయన నోటి మాట, ఆయన ముఖం, ఆమె చేతులు, మూడూ ఒకటే చెప్పడం ఈ ఎన్నికల్లో అదే మొదలు.

ఎవరూ చేతులు ఊపలేదు. నాన్న లేచాడు. కుట్టుమిషను ఆవిడ లేచింది. వరసలకి వరసలు లేచి బయటికి నడిచాయి. కుర్చీలు నేల మీద ఈడ్చుకుంటూ, గుద్దుకుంటూ చేసిన చప్పుడుకి హాలు దద్దరిల్లిపోయింది. ఆ చప్పుడు వాళ్ళకి వినపడదు. వాళ్ళు తాపీగా వెళ్ళారు. మంత్రి మైకులో ఏదో సర్దిచెప్పబోయాడు గాని, ఆ రొదలో ఒక్క ముక్క కూడా వినేవాళ్ళకి వినపడలేదు.

దుబాసి మాత్రం ఇక్కడా తనకోసం నేల మీద అంటించిన తెల్ల టేపు మీద నుంచి కదల్లేదు. టీవీ ముందు ఇంకా ఎవరెవరో ఉంటారు కదా. "కుర్చీల చప్పుడు, మాట వినపడటం లేదు," అని చేతులతో చెప్పింది. ఆఖరి ప్రశ్న దాకా ఉండి పని పూర్తిచేసింది.

మెట్ల దగ్గర చీటీల సారు ఎదురయ్యాడు. ముఖం కందగడ్డ చేసుకుని, "కొంప ముంచావు కదమ్మా! అన్నం పెట్టిన చెయ్యి అని కూడా చూడలేదు," అన్నాడు. "పోస్టు సంగతి మర్చిపో. రేపట్నుంచి ఇంకో అమ్మాయి వస్తుంది."

"రానివ్వండి సార్. అర్థం కాకపోతే ఆవిడా అడుగుతుంది," అంది దుబాసి. "మా అందరికీ నేర్పేది అదే."

*

పొద్దు వాలేసరికి ఇల్లు నిండిపోయింది. కుర్చీలు చాలక నాన్న తన వడ్రంగి కొట్లోంచి చెయ్యడం సగమైన స్టూళ్ళు తెచ్చి వేశాడు. భోజనాల బల్ల చుట్టూ చేతులే చేతులు, ఒకళ్ళ మాట పూర్తికాకుండా ఇంకొకళ్ళు. లోపలికి అడుగుపెట్టిన దుబాసిని చూసి అన్ని చేతులూ ఆగాయి. ఆమె గుమ్మంలోనే ఆగింది. ఉద్యోగం పోయింది, బడి పోతోంది, ఆ రెండో మాట తన చేతులతోనే చెప్పొచ్చింది. ఇప్పుడు వీళ్ళేమంటారో.

నాన్న బల్ల మీద రెండుసార్లు తట్టాడు. ఆమె చూసింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

"వాడేమన్నాడో అందరం చూశాం," అన్నాడు. "నువ్వేమంటావు?"

ఆమెకు అర్థం కాలేదు. అలవాటు కొద్దీ పక్కకి చూసింది, అక్కడ మాట్లాడేవాడు ఎవరైనా ఉన్నాడేమోనని. ఎవరూ లేరు. గోడ, దానికి ఆనించిన రంపం ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆ చేతులు మంత్రుల మాట చెప్పాయి, డాక్టర్ల మాట చెప్పాయి, జడ్జీల మాట చెప్పాయి. నీ మాటేమిటని అడిగినవాళ్ళు లేరు. ఆమె కూడా తనను తాను ఎప్పుడూ అడగలేదు. గొంతులో ఏదో అడ్డంపడి కళ్ళు చెమర్చాయి. పర్లేదు, గొంతుతో పని లేదు కదా.

వేలు గుండె మీద పెట్టుకుంది. ఎడమ అరచెయ్యి తలుపు రెక్కలా మెల్లగా మూసుకోబోయింది. కుడి అరచెయ్యి వచ్చి అడ్డంగా నిలబడింది. కనుబొమలు ముడిపడ్డాయి, దవడ బిగిసింది. మొన్న బడిలో మంత్రి పక్కన చెప్పిందే, అచ్చం అదే. మూయనివ్వను.

బల్ల అవతల నుంచి నాన్న ముందుకి వంగి, నూనె మరకల తన అరచేతిని ఆమె కుడి అరచేతి పక్కన, ఆ తలుపుకి ఆనించాడు.

కుట్టుమిషను ఆవిడ అది చూసింది. మెడలోని టేపు తీసి చుట్టచుట్టి సంచిలో పడేసుకుని, "అయితే పొద్దున్నే తయారుగా ఉండు," అంది. "విద్యాశాఖ ఆఫీసు తెరిచేసరికి మనం గుమ్మంలో ఉండాలి. మేం అడుగుతాం, నువ్వు గట్టిగా చెప్పు."

"నేనూ అడుగుతాను," అంది దుబాసి.